రాసివ్వండి

నెల మొదటి వారం
భీమవరంలో, యనమదుర్రు డ్రెయిను గట్టు మీద బండి ఆపి
వేలు పెట్టండమ్మా అంటాను.
నా ఉద్యోగం అంతే.
వెనక బస్తాలు, ముందు తూకం,
మధ్యలో అరచెయ్యంత మిషను.
అది ఒప్పుకుంటే బియ్యం.
ఒప్పుకోకపోతే, కాస్త పక్కకి జరగండి.

కొల్లాటి నూకరత్నం వేలు పెట్టింది.
ఎర్రదీపం.
కొంగుకి తుడిచి పెట్టింది. ఎర్రదీపం.
జడకి రాసుకున్న కొబ్బరినూనె వేలికి రుద్ది
(అలా చేస్తే పడుద్దని ఎవరో చెప్పారట)
మళ్ళీ పెట్టింది.
కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి అయింది.
ఇంక వేళ్ళు లేవండి, అని తనే నవ్వింది.

పదకొండేళ్ళుగా రొయ్యల షెడ్డులో ఒలుపు పని.
తెల్లారగట్ల మూడింటికి వ్యాను హారను.
ఐసు గుట్ట ముందు నిలబడి
తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగి
కిలోకి ఇంత.
వాళ్ళమ్మ ఈ గట్టు అవతలే ఊడ్పులకి వెళ్ళేదట.
ఆ చేలిప్పుడు చెరువులు.
ఐసూ క్లోరిను నీళ్ళూ కలిసి
వేలి మీద గీతలన్నీ తినేశాయి,
వాకిట్లో ముగ్గుని వాన తిన్నట్టు.

రొయ్యకి మాత్రం అన్నీ ఉన్నాయి.
ఏ చెరువుది, ఏ రోజు పట్టారు, ఏ షెడ్డు, ఏ బల్ల,
పెట్టె మీద నంబరు చూసి
సముద్రం అవతలివాళ్ళు చెప్పగలరు.
ఒలిచిన చెయ్యి ఎవరిదో
ఆమె గుమ్మం ముందు నిలబడి
నా మిషను చెప్పలేకపోయింది.

రేపు రండి అన్నాను. ఆయ్, అంది.
సర్వరు లేదన్నాను. ఆయ్.
ఆధారు సెంటరుకి వెళ్ళి సరిచేయించుకోండి. ఆయ్.
ఒకరోజు కూలి పోగొట్టుకుని వెళ్ళొచ్చింది.
అక్కడా పది వేళ్ళూ అడిగారట.
రెండు నెలలు అలా గడిచాయి.

గట్టు చివర, జాహ్నవి పాకలో
ఆదివారం సాయంత్రాలు పదిమంది కూడుతున్నారని
టీకొట్టు దగ్గర విన్నాను.
రూలు కాగితాలు పైకి చదివేది జాహ్నవేనట.
కార్డులో ఆమె పేరు ఇంకా వీర్రాజే.
కార్డు పేరు తప్పు పిలిచే మనిషి చదువుతుంటే
మిషను గుర్తుపట్టని మనుషులు వింటున్నారు.
నేను నవ్వాను, అందరితోపాటు.

మూడో నెల
నూకరత్నం వేలు పెట్టింది. ఎర్రదీపం.
పక్కకి జరగలేదు.
బియ్యం ఇవ్వలేదని రాసివ్వండి, అంది.
గొంతు పెంచలేదు. అండీ అని కూడా అంది.
ఏ రూలు ప్రకారమో రాసి
కింద మీ పేరు పెట్టండి.

నా పేరా?
లేదన్నది మిషను కదా, నేనెక్కడన్నాను?
జేబులో పెన్ను ఉంది.
నాలుగేళ్ళలో దానితో బస్తాలు లెక్కపెట్టాను,
బియ్యం లేదు అన్న మాట
ఒక్కసారి రాయలేదు.
నోటితో ఎంత తేలిగ్గా వచ్చేది!
నాదీ కాంట్రాక్టేనమ్మా, అన్నాను.
తెలుసండి, అంది. మీ ఆవిడా మా బల్ల మీదే ఒలిచేది కదా,
పురుడు రాకముందు.

లైను కదలడం లేదు. ఎవరూ తిట్టడం లేదు.

బస్తాల అడుగున ఒక నీలం రిజిస్టరు ఉంది,
వేలు పడనివాళ్ళ కోసం.
వచ్చిననాటి కవరు విప్పలేదు.
ఉందని నాకు తెలుసు.
ఎవరూ అడగలేదు, అదే నా సమాధానం,
అడిగితే చెబుదామని
నాలుగేళ్ళు దాచుకున్నాను.

దుమ్ము దులిపి తెరిచాను.
వేలిముద్ర అని అచ్చేసిన గడిలో
ఆమె పెన్ను పట్టుకుని
కూడబలుక్కుంటూ పేరు రాసింది.
‘త్న’ దగ్గర ఆగింది.
వెనకనుంచి ఎవరో గాలిలో రాసి చూపించారు.

బియ్యం పోశాను. సంచి మూతి ముడేసి
పోయిన రెండు నెలలవీ? అంది.

అవి ఇచ్చే అధికారం నాకు లేదన్నాను.

ఆయ్, అంది.
అయితే అదే రాసివ్వండి.