సగం చూసిన అతుకు

షిప్‌యార్డులో ఇరవై ఆరేళ్ళు
ఓడ పొట్ట మీది అతుకులకు ఫొటోలు తీశాను.
రాత్రి షిఫ్టు, ఎర్ర దీపం, చుట్టూ తాడు.
సీసం డబ్బాలోంచి ఇరీడియం గింజ బయటికొచ్చి
ఇనుము వెనకాల ఫిల్ముకి ఏదో చెప్పి వెళ్ళేది.
తెల్లారి తడి ఫిల్ము దీపానికెత్తి చూస్తే
వెంట్రుకంత పగులు, ఆవగింజంత గాలిబుడగ.
పసుపు సుద్దతో సున్నా చుట్టేవాణ్ణి.
వెల్డర్లు నన్ను తిట్టుకునేవాళ్ళు.

పగులు నాకొచ్చింది.
మొదట పక్కటెముకలో, దగ్గితే.
తర్వాత తొడలో, ఏమీ చెయ్యకుండానే.
సింధియా జంక్షన్‌లో బస్సు మెట్టు
ఒకరోజు నాకంటే ఎత్తయిపోయింది.
"తాగేవా ఏటి?" అన్నాడు కండక్టరు.
పంట్లాం అంచులు నేలను ఊడుస్తుంటే
పొడుగు కుట్టాడని దర్జీతో తగువాడాను.
మూడంగుళాలు నేనే తరిగానని నూకాలు కనిపెట్టింది,
చొక్కా ఆరెయ్యబోతే నాకు దండెం అందనప్పుడు.

వాతమన్నారు. నడుం అరిగిందన్నారు.
సున్నం మాత్రలిచ్చి ఎండలో కూర్చోమన్నారు.
ఒకాయనైతే మనసు డాక్టరుకి చీటీ రాశాడు.
నాలుగేళ్ళకి మహారాణిపేటలో ఒక చిన్న డాక్టరమ్మ
మూత్రం పరీక్ష కాయితం రెండుసార్లు చదివి
"భాస్వరమంతా కారిపోతోంది బాబాయ్,
ఎక్కడో చిన్న గడ్డ కూచుని కుళాయి తిప్పేసింది" అంది.
ఎక్కడో.
ఐదున్నర అడుగుల మనిషిలో,
ఇప్పుడైతే ఐదుంబావు,
ఎక్కడో.

మొదటి స్కానులో ఏమీ లేదన్నారు.
రిపోర్టు నేనే చదివాను: తల నుంచి తొడల దాకా.
మరి కాళ్ళో?
సగం అతుకు చూసి సంతకం పెట్టినవాణ్ణి
మా యార్డులో గేటు బయట నిలబెట్టేవాళ్ళం.
అదే అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు.
ఫోను తీసి ఎవరితోనో గట్టిగా మాట్లాడింది.

రెండోసారి గేలియం ఎక్కించారు.
సూది పెట్టిన పిల్ల పేరు ఫర్హానా.
సీసం తొడుగులో సిరంజి చూడగానే
పాత చుట్టం గుమ్మంలో నిలబడ్డట్టయింది.
"దీని సగం ఆయుష్షెంతమ్మా?"
"అరవై ఎనిమిది నిమిషాలు. మీకెలా తెలుసు?"
నాదానికి డెబ్భై నాలుగు రోజులుండేదన్నాను.
తన బ్యాడ్జి కోటు మడతలో దాక్కుని ఉంది.
పైకి పెట్టుకోమన్నాను, పాత అలవాటు.

సొరంగంలోకి జారాను.
ఈసారి ఇనుము నేనే. గింజ నా నెత్తుట్లోనే.
వెలుగు లోపల్నుంచి బయటికి.
కదలొద్దన్నారు.
ఓడకి ముక్కు దురదెయ్యదు, నాకు వేసింది.
బల్ల మెల్లగా, తొడలు దాటి, మోకాళ్ళు దాటి,
ఈ దారిన ఇంతకుముందెవరూ రాలేదు.

మూత్రపిండాలు, కాలేయం ఎవరికైనా మెరుస్తాయట.
మెరవకూడని చోట ఒక్కటే చుక్క,
ఎడమ మడమలో.
డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌసులా అనాలనుంది గాని
అంత లేదు. ఆరిపోతున్న బీడీ కొన.
చింతగింజంత.
ఐదేళ్ళుగా బూటు విప్పి
రాయేమోనని దులుపుకున్నది అదే.

సర్జను ఊదారంగు పెన్నుతో
మడమ మీద సున్నా చుట్టాడు.
చెయ్యి తిన్నగా లేదు, నేనైతే ఇంకా గుండ్రంగా గీసేవాణ్ణి.

ఆ రాత్రి నా కాళ్ళు కడుగుతూ నూకాలు
గీత చుట్టూ వేలితో నడిచింది, చెరక్కుండా.
"ఇంత దానికా ఇన్నాళ్ళు..."
మాట అక్కడే ఆపేసి
రెండో కాలు కూడా
దీపం దగ్గరికి పెట్టమంది.