టోకెన్ మిషన్ పక్కన

సోహార్‌ల సర్కారు కొలువుల ఆఫీసు.
నేనండ్ల చాయ్ పోస్త, జిరాక్సులు తీస్త,
టోకెన్ మిషన్‌ల కాయిదం ఒడిస్తే ఎక్కిస్త.
పేరు పోశెట్టి. అరబ్బీల 'ప' లేదు గనక
ఏడేండ్ల సంది బోశెట్టిని.

కొలువు లేనోళ్లు ఈ ఊరోళ్లే.
ఇస్త్రీ నలగని తెల్లటి దిష్‌దాషాలేసుకొని
పొద్దుగాల ఏడున్నరకే వచ్చి కూసుంటరు.
గల్ఫుల గూడ కొలువు లేనోడుంటడని
ఆర్మూర్‌ల ఎవలన్న నమ్ముతరా?
ఫోన్‌ల చెప్తే మా బావ నవ్విండు:
'మరి మీరంత ఆడేం జేస్తున్నర్రా?'

ఖల్ఫాన్ సారు మంచోడే.
పేరు రాసుకుంటడు, చదువు రాసుకుంటడు,
'ఫోన్ జేస్తం' అంటడు. నిజంగనే జేస్తడు గూడ,
దరఖాస్తు గడువు ఒడిసింది, మల్ల రమ్మని.

నెలాకరుకు లెక్క పైకి పోవాలె.
మూడు నెలల సంది రానోళ్ల పేర్ల ముంగట
ఆకుపచ్చ గీత. దొరికినట్టే.

నాది కప్పుల లెక్క.
చక్కెర లేకుండ తాగే హమూద్ వస్తలేడు,
చాపల మార్కెట్ల మామ దుకాన్ల వంజరం కోస్తుండు.
రెండు కప్పులు తాగే పొడుగాయన గూడ వస్తలేడు,
ఎటు పోయిండో ఎవలకెరుక.
ఇద్దరికీ ఒకటే ఆకుపచ్చ.

షమ్సా పద్నాలుగు నెలలు తిరిగింది.
డిప్లొమా కాయిదాల కవరు చినిగితే
నేనే కొత్తది ఏసిచ్చిన, నీలిరంగుది.
'బోశెట్టి, ఇయ్యాల ఏమన్న ఉన్నదా?'
సారుకంటె ముందు నన్నే అడిగేది.
నాకేం తెలుసు? ఆమె చాయ్‌ల
అల్లం ఒక తునుక ఎక్కువేసేటోన్ని.
నా చేతుల ఉన్న సర్కారు అంతే.

మొన్న ఆదివారం సారు లోపటికి పిలిచి
కుర్సీల కూసోమన్నడు.
ఏడేండ్లల్ల ఎన్నడనలే. అప్పుడే సమజైంది.
జిరాక్సు, టోకెన్లు, ఫైళ్లు, ఇగ ఊరోళ్లకేనట.
చాయ్‌కు మిషన్ పెడ్తరట.
బల్ల మీద ఫైలున్నది.
నాకు అరబ్బీ చదువరాదు గని
నీలి కవరు ఎర్కలేదా?

ఇన్నేండ్లకు ఈ ఆఫీసు నా కండ్ల ముంగట
ఒకలకు కొలువు పెట్టింది.

నాలుగు దినాలు పని నేర్పిన.
కాయిదం ఇరుక్కుంటే ఏ మూత తియ్యాలె,
ఏ మీట రెండుసార్లు ఒత్తాలె.
ఆమె తల ఎత్తకుండనే అన్నీ రాసుకున్నది.
పోయేటప్పుడు పెదవులు బిగవట్టి
'ప్పోశెట్టి' అన్నది.
ఎన్నిసార్లు నేర్సుకున్నదో.

బేస్తారం అందరు పోయినంక
మిషన్ ముంగట నిలవడ్డ.
నా కార్డు నంబరు కొట్టిన.
ఎర్ర అచ్చరాలొచ్చినయి.
చదువరాకున్నా సమజయ్యే అచ్చరాలు.
మల్లొకసారి కొట్టిన.
ఈసారి కాయిదం ఒడిసిందని మోగింది.

కొత్త చుట్ట ఎక్కించి
లైట్లార్పిన.