బంతి ఏకాంబరం

జువ్వలదిన్నె రేవులో అడిగి చూడండి,
తుపిలి ఏకాంబరం అంటే ఎవరికీ తెలీదు.
బంతి ఏకాంబరం అనాల.
అది నేనే.

ఆ దేశం పేరు చెప్తే పిలకాయలు నవ్వుతారు,
పటంలో ఈగ రెట్టంత ఉండాదని.
నిజమే. ఒక బీడీ కాలేలోపు
ఈ కొస నుంచి ఆ కొసకు నడవచ్చు.
అయినా దానికో జెండా, ఒక జైలు,
ఎనిమిది జట్ల పెద్ద లీగు.
గ్రౌండు మాత్రం ఒకటే.
మూడు పక్కల గోడ, నాలుగో పక్క సముద్రం.

సూరచేపలు కోసే కంపెనీలో నా పని.
శుక్రవారం సాయంత్రం అయితే
గోడ లేని పక్కన తెప్పేసుకుని కూచోవాల,
నీళ్లలో పడ్డ బంతి తేవాల.
బంతికి ఇంత అని కూలి.
కొండే లేని చోట కొండగాలి కోసం చూస్తా,
ఆటంతా వీపుల్లోనే చూశా.
గోలు ఎవరిదో
అరుపు వచ్చిన పక్కను బట్టి చెప్పేవాణ్ణి.

గోలీ పొద్దున రొట్టెలు కాల్చేవాడు.
రెఫరీ బళ్లో లెక్కలయ్యోరు,
ఎర్రకార్డు చూపించిన పిలకాయ చేతనే
మర్నాడు ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు.
ఓడినోళ్లూ గెలిచినోళ్లూ ఒకే లాంచీలో పొయ్యేది,
ఒకే బిందెలో నీళ్లు తాగి,
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.
ఆ నోరు మూత నాకు కొత్త కాదు,
వల ఖాళీగా వచ్చిన రోజు
మన పడవల్లోనూ అదే.

ఇంక ఆ రోజు.
లీగు ఆఖరు ఆట. ఒకటీ ఒకటీ.
సమానంగా ముగిస్తే చాలు, రొట్టెలోడి జట్టుకు కప్పు,
ముప్పై ఏళ్లుగా మొహం చూపించని కప్పు.
జనరేటరు చెడిపోయి దీపాల్లేవు.
ఉండేవి మూడు బంతులు. ఒకటి పగిలింది,
ఒకటి ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద చిక్కింది.
మూడోదాన్ని రొట్టెలోడే కాలెత్తి
నా నెత్తి మీదుగా పగడపు గట్టు దాటించాడు.

కావాలనే తన్నాడా? తెలీదు.
తిరిగి చూస్తే నా వైపే చూస్తా ఉండాడు.
రోజూ నాకు రెండు రొట్టెలు ఎక్కువ పెట్టేవాడు,
నా భాషలో వాడికొచ్చిన మాట ఒక్కటే,
"నెల్లూరు, నెల్లూరు" అని.

తెడ్డేశా.
పామంజి పెద్దాయన దగ్గర పని నేర్చిన చేతులివి,
ముఖద్వారం సుడిలో కూడా తప్పవు.
ఆ రోజు తప్పినాయి.
ఒక తెడ్డుకీ ఇంకో తెడ్డుకీ నడుమ
మా అమ్మ పులుసుకు చింతపండు పిసికినంత సేపు.
బంతి నా ముందరే తేలతా ఉండాది
ఎండిన సొరబుర్ర మాదిరి.
చెయ్యి చాపితే అందుతాది.
చాపలా.

నేను గట్టుకొచ్చేసరికి లెక్కలయ్యోరు
గడియారం కళ్ల దగ్గర పెట్టుకుని
వేళ్ల మీద ఏదో కూడుకుంటా ఉండాడు.
వెలుగు చాలదన్నాడు.
విజిలు.

ఆ వారం బంతి కూలి ఇచ్చే వంతు
ఓడిన జట్టుది.
వాళ్ల కెప్టెను, నెరిసిన మనిషి, అదే ఆయన ఆఖరు ఆటంట,
తడి బంతిని సొక్కాతో తుడిచి చంకన పెట్టుకుని
చిల్లర ఒక్కొక్కటే లెక్కపెట్టి
నా అరచేతిలో పోశాడు.
దూరం పోయినావని రెట్టింపు.

రొట్టెలోళ్ల పేటలో తెల్లార్లూ డప్పులు.
నేను పోలా.

ఇప్పుడు కంపెనీ సావాసగాడు అప్పుడప్పుడు ఫోను చేస్తాడు:
వాళ్ల జట్టు ఈసారి ఏడో చోట ఉండాదంట,
కప్పు రొట్టెల కొట్లోనే ఉండాదంట,
దాంట్లో చక్కెర పోసుకుంటారంట.
నవ్వుతాడు. నేనూ నవ్వుతా.

ఆ చిల్లర మా ఉప్పు జాడీ వెనక ఉండాది.
ఒక పక్క కొబ్బరి చెట్టు, ఒక పక్క తాబేలు.
ఈడ చెల్లదులే అంటాది మా పోలేరమ్మ.
ఆడ మాత్రం ఎట్టా చెల్లుతాది?

ఆటు మీద పిలకాయలు ఇసకలో తన్నుకుంటా ఉంటే
బంతి అలల్లో పడతాది.
నేను లెగిసేలోపే
ఎవడో ఒకడు చొక్కా ఇప్పి దూకేస్తాడు.