చెప్పలేను

ఒమాహాలో ఫిబ్రవరి.
మూతపడ్డ చెప్పుల దుకాణంలో మా ఫోన్ బల్లలు.
పాదాల సైజుల పట్టిక ఇంకా గోడకే ఉంది.
గంటకు తొమ్మిది డాలర్లు, చల్లారిన కాఫీ ఉచితం.

ఉన్నదున్నట్టు చదువు, అంటాడు వోండ్రా,
గొంతు పెంచకు, తగ్గించకు, జాలి అసలే వద్దు.
పదకొండో ప్రశ్న:
స్వలింగ ప్రేమికులు తామెవరో దాచుకోకుండా
సైన్యంలో పనిచేయవచ్చా?
అవును. కాదు. చెప్పలేను.
మూడే గడులు.

ఒక ముసలాయన కొరియా యుద్ధమంతా చెప్పి
పక్క గుంతలోవాడు ఎవర్ని ప్రేమిస్తాడో
అడిగే తీరిక ఎక్కడిదమ్మా అన్నాడు.
అవును అని రాసుకోనా అంటే
వద్దొద్దు, మా ఆవిడ వింటోంది, కాదనే రాయి.
ఒకావిడ బైబిలు తెస్తానుండమని వెళ్లింది.
ఆరు నిమిషాలు వాళ్ల టీవీలో వాతావరణం విన్నాను.

ఎనిమిదింటికి బెల్‌వ్యూ నంబరు,
వైమానిక స్థావరం పక్క వీధి.
ఆడగొంతు, ముప్పై నాలుగేళ్లు, విమానం ఇంజిన్లు విప్పి బిగించే పని.
పన్నులు, మొక్కజొన్న ధర, ఇరాక్
అన్నిటికీ టకటకా జవాబులు.
పదకొండో దగ్గర
గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.
లోపల్నుంచి ఇంకో ఆడగొంతు, నిద్రమత్తుగా,
ఆ ఇంటి మనిషే అన్నట్టుగా,
"ఎవరే, మార్నీ?"

"చెప్పలేను" అంది నాతో.
తెలియదనా, అన్నాను. అలా అడగకూడదు నేను.
"తెలుసు. చెప్పలేను."

మూడో గడిలో టిక్కు పెట్టాను.

శుక్రవారం కాగితాలు పార్టీ ఆఫీసుకు మోసుకెళ్లాను.
క్విగ్లీ గారి సొరుగులో ప్రసంగం సిద్ధంగా ఉంది,
హక్కుకు తూకం లేదని మొదలవుతుంది,
టైపు చేసినమ్మాయి చదివి ఏడ్చిందట.
నలభై నాలుగు, నలభై మూడు, పదమూడు.
ఆయన పెన్సిలుతో ముక్కు గోక్కున్నాడు.
"ఈ పదమూడూ ఎటో తేలనీ" అన్నాడు,
సొరుగు మోకాలితో నెట్టాడు.
అవే అంకెల్ని రిబ్బను రంగు మార్చి
అవతలి పార్టీకీ అమ్ముతాడు వోండ్రా.
వాళ్లూ తేలనీ అన్నారట.

గోడమీద పిల్లులని నవ్వుకున్నారు ఆ పదమూడుమందిని.
నేను విన్నది
గోడ లోపలి మనిషిని.

ఆ నంబరు నాకింకా నోటికొచ్చు.
చట్టప్రకారం ఎవరికీ చెప్పకూడదు.

పై వారం పదకొండో ప్రశ్న మారింది:
రోడ్ల మీద మంచు
తెల్లవారేలోగా తీయించాలా?

అందరూ అవునన్నారు.