చెమ్మ

డార్విన్‌లో జనవరి. గోడలకే చెమట పడుతోంది.
బేకరీలో పొయ్యి తలుపు తీసేసరికి
ముందు నా ఎడమ చెవి మునుగుతుంది.
సన్న గొట్టంలో ఒక్క బొట్టు,
అంతే, మార్లీన్ మాటలన్నీ
కాగిన నూనెలో ఆవాలు.

రాత్రి చెవి మిషన్లు తీసి
బ్యాటరీ తలుపులు తెరిచి, గొట్టాలు ఊడదీసి,
రబ్బరు బుడ్డితో ఊది
వెజిమైట్ ఖాళీ సీసాలో పడుకోబెడతాను.
అడుగున నారింజరంగు గుళికలు.
అవి ఆకుపచ్చకు తిరిగాయంటే
నా చెవి తాగాల్సిన నీళ్లు అవి తాగాయని.

మూత బిగిస్తాను.
రేకుల మీద వాన దంచుతున్న సంగతి
గోడకు ఆనించిన అరచేతికి మాత్రం తెలుసు.

పొద్దున వాన వెలిసింది.
పెట్టుకోగానే చూరు నుంచి ఒక చుక్క,
కాసేపటికి ఇంకొకటి.
నువ్వు బయటే ఉండు తల్లీ, అంటాను.
చెవి వెనక, ఎంత తుడిచినా, వెజిమైట్ వాసన.