అరవై గీత

మూడు గంటలకొకసారి అరవై అని
ఫిలోమిన సిస్టర్ సీసా మీద నల్లగీత గీసిచ్చింది.
నాకు అంకెలు రావు, గీత తెలుస్తది.

ముప్పై నీళ్లకు ఒక చెంచా పొడి,
కత్తి వెనకతో చదును జెయ్యాలె.
నా వేళ్లు సక్కగ చాపరావు,
మర్రిగూడ బోరునీళ్లు తాగి గట్టిపడ్డయి.
పిల్లకు మాత్రం క్యాను నీళ్లే. అవి గూడ మరగబెట్టి,
కలిపినంక ముంజేతి మీద చుక్కేసుకొని సూస్త.

తల్లి నల్లగొండ దవాఖాన్ల. నిన్న కండ్లు తెరిచిందంట.

ఇయ్యాల నలభై కాడ్నే మూతి తిప్పింది.
ఇంకో గుక్క బిడ్డా, అని బతిమాలిన.
నాలుకతోటి పీకను బయటికి నూకి
పండుకుంది.

సిస్టర్ గీత ఒకటి, దాని కడుపుల గీత ఒకటి.

మిగిలిన ఇరవై దాచొద్దన్నరు.
వాకిట్ల పారబోస్తుంటే
చెయ్యి ఒక్క గడియ ఆగింది.
మళ్ల పొయ్యి మీద నీళ్లు పెట్టిన.