ఖర్చు కాని ఐదు వందలు

ఫారం చిత్తూరు నుంచి వొచ్చింది, నాలుగు పేజీలు.
గడులన్నీ చిన్నవి,
అగ్గిపెట్టెలో ఆవును కట్టేయమన్నట్టు.
నేను ఇంటర్ ఫెయిలు. ఆ పాటి చదువుకే
మా గుట్టకింద పల్లెలో లెక్కలు నా పాలబడినాయి.

మాకొచ్చింది లక్షా నలభై వేలు.
పలమనేరు సంతలో మంచి ఎద్దుల జతకు
ఇంకా పైనే పడతాది.
పాసుబుక్కులో ఆ అంకె చూసి
రుక్కులమ్మ అడిగింది:
"ఇది అప్పా? వడ్డీ ఎంత?"
అప్పు కాదంటే నమ్మలేదు.
తిరిగి కట్టనక్కర లేని డబ్బు
ఆమె అరవై ఏండ్లలో పుట్టలేదు.
మూడు దినాలు వేలిముద్ర వెయ్యకుండా తిప్పుకొనింది.

చేసిన పని వివరంగా రాయండి, అని ఉండాది మొదటి గడిలో.

గుట్ట మీద లంటానా కంప పీకినాం.
పూలు బాగుంటాయి, ముక్కుపుడకల మాదిరి.
కింద ఒక్క గడ్డిపోచను రానియ్యదు.
మేకలు ముట్టవు, ఆవులు తింటే పడిపోతాయి.
వేరు పట్టి ఇద్దరిద్దరం లాగినాం,
అది వొచ్చేసినప్పుడంతా వెల్లకిలా పడినాం.

పీకిన కంపను పారెయ్యలేదు.
తారు డ్రమ్ములో ఉడకబెట్టి, తోలు వొలిచి,
ఎరుకల చెంగల్రాయుడు చెప్పినట్టు వొంచి
తట్టలు, కుర్చీలు అల్లినాం.
వెదురు తెలిసిన చేతులు ఆయనవి.
"ఇది కట్టె కాదు, కక్ష" అనేవాడు మొదట్లో.
మొదటి కుర్చీలో ఆయన్నే కూర్చోమన్నాం.
జీవితమంతా ఊరోళ్ళ అరుగుల కింద నిలబడినోడు
నిలబడే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"ఒక కాలు పొట్టి" అన్నాడు.
పదకొండు కుర్చీలు అమ్ముడుపోయినాయి.
ఆ పొట్టికాలుది మిగిలింది.
దాని మీద కూర్చొనే ఇది రాస్తా ఉండాను.

ఫోటోలు, పనికి ముందువి, తర్వాతవి.
ముందుది లేదు.
కంపను ఎవరు ఫోటో తీసుకుంటారు?

ఎదురైన అనుకోని ఇబ్బందులు.
ఏనుగులు, రెండు.
అనుకోనివి అని ఎట్ల రాసేది? ఏటా వొచ్చేవే.
రాగిచేనికని దిగి
మా కానుగ మొక్కల మీద నడిచిపోయినాయి.
ఆ అడుగుల గుంటల్లో వాన నిలిచింది.
మళ్ళా నాటితే అక్కడివే ముందు చిగురేసినాయి.
గుంటలు తవ్విన కూలి
ఎవరి పేరున రాయాల?

ఇంక చివరి గడి.
మిగులు: ఐదు వందలు. మిగలడానికి కారణం.

అవి దొరసానమ్మవి, రెండు దినాల కూలి.
వంకకు అడ్డంగా రాతికట్ట పనిలో ఉండేది.
వినాయక చవితి పోయినాక ఒక రాత్రంతా వాన.
తెల్లారి వంక పారింది,
ఎర్రగా, పుల్లలూ ఆకులూ ఒక పాత చెప్పూ తోసుకుంటా
వొచ్చి కట్ట కాడ ఆగింది,
కొత్త చుట్టం గడప కాడ ఆగినట్టు.
దొరసానమ్మ గడ్డపార పక్కన పెట్టి కూర్చునింది.
ఆ పొద్దంతా. మర్నాడు కూడా.
పిలిస్తే పలకలేదు.
సంగటి ముద్ద, ఊరిబిండి అక్కడికే పంపినాం.
ఆమె చేన్లో మూడు బోర్లు ఎండినాయి,
ఆ లెక్క మమ్మల్ని ఎవరూ అడగలేదు.
మూడో దినం, నీళ్ళు తేటపడినాక,
లేచొచ్చి రాళ్ళు మొయ్యబట్టింది.

శనివారం కూలి ఇస్తే
ఐదు వందలు వెనక్కి తోసింది.
"పని చెయ్యలా కదమ్మే నేను,
చూస్తా కూర్చున్నా.
చూసినందుకు దుడ్లా?"

కారణం గడిలో ఒకటే గీత.
"నీళ్ళు చూసినందున" అని రాసి పంపినాను.
పది దినాలకు జవాబొచ్చింది:
వివరణ స్పష్టంగా లేదు, మళ్ళీ పంపగలరు.

ఆమెనే అడుగుదామని పోతే ఇంట్లో లేదు.
చీపురుగడ్డి కోతకు గుట్టెక్కిందంట.
కంప పోయిన చోట
గడ్డి మనిషెత్తు లేచి ఉండాది.
కింద నిలబడి కేకేసినాను.
పైన ఒక పక్క గడ్డి కదిలింది.
ఆమో, గాలో.